రేషన్ మిషన్ దగ్గర మొదలయ్యే పీహెచ్‌డీ: సమాచార శాస్త్రం, సమాజం మీద పరిశోధన చేయాలనుకునేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

రేషన్ షాపులో ఈపాస్ మిషన్ మీద ఒక పెద్దావిడ బొటనవేలు పెడుతుంది. పడదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెడుతుంది. పడదు. "చెయ్యి కడుక్కుని రా పెద్దమ్మా" అంటాడు డీలరు. కడుక్కుని వచ్చి ఈసారి చూపుడువేలు పెడుతుంది. వరసలో వెనకున్న కుర్రాడు "సర్వర్ డౌనేమో అన్నా" అంటాడు. పెద్దావిడ సంచి మడిచి చంకలో పెట్టుకుని గోడవారగా కూర్చుంటుంది.

ఇక్కడ ఏది చెడింది? నలభై ఏళ్ళు నాట్లు వేసి, కలుపు తీసి గీతలు అరిగిపోయిన వేలా? సెన్సరా, సిగ్నలా, సాఫ్ట్‌వేరా? వేలు పడకపోతే ఏం చేయాలో రాసిన నిబంధనా, ఆ నిబంధన డీలరు దాకా రాకపోవడమా? ఈ ప్రశ్నలన్నీ ఒకేసారి అడిగే చదువు ఒకటుంది. దాన్నే సమాచార శాస్త్రం అంటున్నారు. నేను అందులో పీహెచ్‌డీ చేశాను. నేను చూసినంతలో ఈ రంగంలో నిలబడిన థీసిస్‌లన్నీ ఇలాంటి ఏదో ఒక కౌంటర్ దగ్గర మొదలైనవే. మీదీ అలాగే మొదలుకావాలని ఇది రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఇది ఏ చదువో తెలుసుకోండి

దీనికి ఒక్క పేరు లేదు. ఒకచోట ఇన్ఫర్మేషన్ సైన్స్ అంటారు, ఇంకోచోట ఇన్ఫర్మాటిక్స్ అంటారు. అభివృద్ధి కోసం సాంకేతికత అనే శాఖ ఉంది, సైన్స్ అండ్ టెక్నాలజీ స్టడీస్ అనే పొరుగు శాఖా ఉంది. సాంకేతికతను సమాజంతో కలిపి చదివే పనికి "సోషల్ ఇన్ఫర్మాటిక్స్" అన్న పేరు స్థిరపడటానికి ముఖ్య కారకుడు రాబ్ క్లింగ్. కాలిఫోర్నియాలోని అర్వైన్‌లోనూ, తర్వాత 1996 నుంచి ఇండియానా విశ్వవిద్యాలయంలోనూ పనిచేసి 2003లో చనిపోయాడు. ఒకే కంప్యూటర్ వ్యవస్థ రెండు ఆఫీసుల్లో రెండు రకాలుగా ఎందుకు పనిచేస్తుందో అక్కడి మనుషుల్నీ, పని పద్ధతుల్నీ చూడకుండా చెప్పలేమన్నది ఆయన పట్టుపట్టిన సంగతి.

తెలుగువాళ్ళకు ఇది మరీ కొత్త సంగతేమీ కాదు. సమాచారం ఎవరికి అందుతోంది, ఎవరికి అందట్లేదు అన్న ప్రశ్న మీద 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగింది. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పుస్తకాల పడవ నడిచింది. ఊరికి పుస్తకం రాకపోతే పడవలో తీసుకెళ్ళిన ఆ ఆలోచనకూ, ఊరికి సిగ్నల్ రాకపోతే ఏం చేయాలన్న నేటి ప్రశ్నకూ నేరుగా చుట్టరికం ఉంది.

కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీతో దీనికి ఉన్న తేడా ఒకే మాటలో చెప్పుకోవచ్చు. అక్కడ మీరు కట్టినది పనిచేస్తోందని చూపించాలి. ఇక్కడ వేరేవాళ్ళు కట్టినది ఎవరికి పనిచేస్తోంది, ఎవరికి పనిచేయట్లేదు, ఎందుకు అన్నది చూపించాలి. ఏదైనా కట్టడమే మీకు ఆనందమైతే ఆ రంగానికే వెళ్ళండి, ఐదేళ్ళు ఇబ్బంది పడకండి.

రెండో మెట్టు: ప్రశ్నను కుదించండి

అసలు పని ఇక్కడుంది. ఎక్కువమంది "గ్రామీణ భారతంలో కృత్రిమ మేధ ప్రభావం" లాంటి అంశంతో వస్తారు. నేనూ అలాగే వచ్చాను. దాని మీద పదిమంది పదేళ్ళు పనిచేసినా తేలదు. దాన్ని "రేషన్ పంపిణీ మీద ఈపాస్ ప్రభావం" అని కుదించినా ఇంకా వదులుగానే ఉంటుంది. ప్రభావం అంటే ఏమిటి, ఎవరి మీద, దేనితో పోల్చి?

ఇప్పుడు ఇది చూడండి: "వేలిముద్ర పడనప్పుడు బియ్యం ఇవ్వాలా వద్దా అని ఎవరు నిర్ణయిస్తున్నారు, ఏ అధికారంతో, ఆ నిర్ణయం ఎక్కడ నమోదవుతోంది?" ఇందులో డీలరున్నాడు, మిషనుంది, సర్వర్‌లో జరిగినదంతా నమోదయ్యే లాగ్ ఉంది, జీవో ఉంది, ఉత్త చేతులతో ఇంటికెళ్ళిన మనిషి ఉంది. వెళ్ళి అడగొచ్చు, చూడొచ్చు, లెక్కపెట్టొచ్చు.

ప్రశ్న కుదిరిందో లేదో చూసుకోవడానికి నాకు మూడు పరీక్షలున్నాయి. సోమవారం పొద్దున ఎవర్ని కలుస్తారో చెప్పగలరా? మీ ఊహ తప్పని తేలాలంటే ఏం కనిపించాలో చెప్పగలరా? ఇంట్లో చదువుకోని పెద్దవాళ్ళకు రెండు వాక్యాల్లో అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలరా? మూడోది అన్నిటికన్నా కష్టం. ఇంగ్లీషులో చక్కగా ధ్వనించే ప్రశ్నలో పస లేదని తెలుగులోకి తెచ్చినప్పుడే బయటపడుతుంది.

రేషన్ వద్దనుకుంటే మన చుట్టూ కౌంటర్లకు కొదవేం లేదు. ఉపాధి హామీ పనిచోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి హాజరు వేసే యాప్ 2023 జనవరి నుంచి తప్పనిసరైంది. మధ్యాహ్నం సిగ్నల్ అందకపోతే కూలీల హాజరు చూసే మేట్ ఏం చేస్తోంది? తెలంగాణలో సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ వేర్వేరు శాఖల రికార్డుల్లోని పేర్లను జతచేసి ఒకే కుటుంబం కింద చూపిస్తుంది. రెండు రికార్డుల్లోని "లక్ష్మి" ఒకే మనిషి కాదని తేల్చాల్సిన భారం ఎవరి మీద పడుతోంది? రద్దయిన రేషన్ కార్డులను మళ్ళీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు తెలంగాణ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అందులోనే రెండు మూడు థీసిస్‌లున్నాయి. మీసేవ కౌంటర్, భూమి రికార్డుల పోర్టల్, డెలివరీ కుర్రాళ్ళకు పని పంచే యాప్, ఏదైనా సరే, మీరు దగ్గరగా వెళ్ళి చూడగలిగినది ఎంచుకోండి.

మూడో మెట్టు: చదవండి, అయితే తగువు కోసం చదవండి

దరఖాస్తుకు కనీసం ఆరు నెలల ముందే మొదలుపెట్టండి. పునాదికి మూడు చాలు: వస్తువుల్లో రాజకీయం ఉంటుందా అని అడుగుతూ లాంగ్‌డన్ విన్నర్ 1980లో రాసిన వ్యాసం, ఫొటోకాపీ మిషన్ ముందు మనుషులు ఎలా తికమకపడ్డారో చూసి లూసీ సచ్‌మన్ 1987లో తెచ్చిన పుస్తకం, వర్గీకరణలు మనుషుల బతుకులను ఎలా మలుస్తాయో జెఫ్రీ బౌకర్, సుసాన్ లీ స్టార్ కలిసి 1999లో రాసిన పుస్తకం. ఆ తర్వాత మీ ప్రశ్నకు దగ్గరి పరిశోధనా పత్రం ఒకటి పట్టుకుని, అది ఎవరిని ప్రస్తావించిందో వెనక్కీ, దాన్ని ఎవరు ప్రస్తావించారో ముందుకీ వెళ్ళండి.

తగువు కోసం అన్నానే, అదేమిటో చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లను వేలిముద్ర స్మార్ట్‌కార్డులతో ఇస్తే ఏమవుతుందని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తాంకర్ 157 మండలాల్లో, దాదాపు 1.9 కోట్ల జనాభా ఉన్నచోట ప్రయోగం చేశారు. డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారిపోవడం తగ్గింది. 2016లో ఆ పత్రం అచ్చయింది. అదే ముగ్గురు తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేయడం మీద పనిచేస్తే వేరే చిత్రం వచ్చింది. వేలిముద్ర పెట్టినంత మాత్రాన దొంగతనం పెద్దగా తగ్గలేదు. కార్డుకు ఆధార్ జోడించని కుటుంబాలకు మాత్రం అందేది తగ్గింది.

పరిశోధకులు వాళ్ళే, సాంకేతికతా దాదాపు అదే, ఫలితమే వేరు. ఎందుకు? ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు మనిషికి చేర్చడం ముఖ్యమనుకున్నారు, జార్ఖండ్‌లో దొంగను పట్టడం ముఖ్యమనుకున్నారు. వేలు పడకపోయినా ఇచ్చే దారి మొదటిచోట తెరిచే ఉంది, రెండోచోట చాలావరకు మూసుకుపోయింది. నాకు అర్థమైనంతలో కారణం ఇది. మీకు మరొకటి తోచవచ్చు. ఆ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని మీ వాదన మీరు రెండు పేజీల్లో రాయండి. దరఖాస్తులో రాత నమూనా అడిగితే అదే పనికొస్తుంది.

నాలుగో మెట్టు: ఎక్కడ చేయాలి

ఇండియాలో చేయాలంటే యూజీసీ 2022 నిబంధనలు చదవండి. మాస్టర్స్‌లో 55 శాతం ఉండాలి, లేదా నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. కనీస కాలం మూడేళ్ళు, గరిష్ఠం మామూలుగా ఆరేళ్ళు. 2024 జూన్ నుంచి నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) మార్కులనే పీహెచ్‌డీ ప్రవేశానికీ వాడే పద్ధతి వచ్చింది. ఆ పరీక్షతో వచ్చే పరిశోధన భృతి జేఆర్ఎఫ్ రానివాళ్ళకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత దాని పై మెట్టయిన ఎస్ఆర్ఎఫ్‌గా 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. బెంగళూరు ట్రిపుల్ ఐటీలో సాంకేతికతనూ సమాజాన్నీ కలిపి చదివే విభాగమే ఉంది. విశ్వవిద్యాలయాల గ్రంథాలయ, సమాచార శాస్త్ర శాఖల్నీ కొట్టిపారేయకండి. అక్కడ సరైన గైడ్ దొరికితే ఈ ప్రశ్నలన్నిటికీ చోటుంటుంది.

అమెరికాలో ఈ చదువు ఐస్కూళ్ళు అనే సమాచార కళాశాలల్లో ఉంటుంది. మిషిగన్, వాషింగ్టన్, బర్క్‌లీ, ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్, టెక్సాస్ ఆస్టిన్, కార్నెల్ సమాచార శాస్త్ర శాఖ, ఇండియానా, అర్వైన్ ఇన్ఫర్మాటిక్స్ శాఖ ముందుగా చూడదగ్గవి. గడువులు చాలావరకు డిసెంబర్ మొదటి రెండు వారాల్లో పడతాయి. చాలాచోట్ల జీఆర్ఈ అడగడం మానేశారు. టోఫెల్ గానీ ఐఈఎల్‌టీఎస్ గానీ ఉంటుంది. మాస్టర్స్ లేకపోయినా నేరుగా చేరే వీలు చాలాచోట్ల ఉంది. ఎంఎస్ కోసం వెళ్ళి అక్కడే ఉన్న మన పిల్లలకు ఇది తెలియక ఉద్యోగం ఒక్కటే దారి అనుకుంటారు.

డబ్బు గురించి గట్టిగానే చెబుతాను. ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్, ఆరోగ్య బీమా, ఈ మూడూ రాతపూర్వకంగా ఇవ్వని చోట పీహెచ్‌డీకి చేరకండి. ఎన్నేళ్ళు ఇస్తారో, వేసవి నెలల్లో ఏం చేస్తారో అడగండి. ఎంఎస్‌కు అప్పు చేసినట్టు దీనికి చేయొద్దు. పొలం తాకట్టు పెట్టి ఐదారేళ్ళు నడపగలిగిన చదువు కాదిది. నిధులతో ఆఫర్ వస్తే ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే గడువు ఇవ్వాలని అక్కడి విశ్వవిద్యాలయాల్లో చాలావాటి మధ్య ఒప్పందం ఉంది. ఎవరైనా ముందే తొందరపెడితే మర్యాదగా ఆ సంగతి గుర్తుచేయండి.

ఐదో మెట్టు: గైడ్

విశ్వవిద్యాలయం పేరు కన్నా గైడ్ మీ జీవితాన్ని ఎక్కువ నిర్ణయిస్తారు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో మెయిల్ రాయండి. ఆరు వాక్యాలు దాటొద్దు. వాళ్ళ పత్రం ఒకటి నిజంగా చదివి అందులో మీకు తేలని ఒక సంగతి రాయండి, తర్వాత మీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి, వచ్చే ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారా అని అడగండి. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి పదో తరగతి మార్కుల దాకా రాసిన మెయిల్‌ను ఎవరూ చివరిదాకా చదవరు.

ఆఫర్ వచ్చాక గైడ్‌తో కన్నా ముందు వాళ్ళ దగ్గర చేస్తున్న విద్యార్థులతో మాట్లాడండి. అధ్యాయం ఇస్తే ఎన్ని రోజుల్లో చదివి తిరిగిస్తారు? కిందటి ముగ్గురూ ఎన్నేళ్ళలో పూర్తిచేశారు? మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళున్నారా, ఎందుకు? ఆఖరి ప్రశ్నకు అవతలివాళ్ళు కాసేపు మౌనంగా ఉంటే, ఆ మౌనం కూడా జవాబే అనుకోండి.

దరఖాస్తుతో పంపే లక్ష్య ప్రకటన (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) గురించి ఒక్కటే మాట: చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ఇష్టమని మొదలుపెట్టకండి. వేలు పడని ఆ మిషన్ దగ్గర నుంచి మొదలుపెట్టండి.

ఆరో మెట్టు: కోర్సులు, అర్హత పరీక్ష

అమెరికాలో సుమారుగా మొదటి రెండేళ్ళూ కోర్సులు, వాటి చివర్లో అర్హత పరీక్ష. ఇంజనీరింగ్ నుంచి వచ్చినవాళ్ళు ఇంటర్వ్యూ, క్షేత్ర పరిశీలన పద్ధతుల కోర్సు తప్పకుండా తీసుకోండి. సాహిత్యం, సామాజిక శాస్త్రాల నుంచి వచ్చినవాళ్ళు గణాంకాలూ, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగూ నేర్చుకోండి. రెండూ వచ్చినవాళ్ళకే సర్వర్ లాగ్‌లోని వెయ్యి వరసలూ, వరసలో నిలబడ్డ పదిమందీ ఒకే కథలో కనిపిస్తారు.

ఏడో మెట్టు: క్షేత్రంలోకి వెళ్ళే ముందు, వెళ్ళాక

మనుషులతో చేసే ఏ పరిశోధనకైనా నైతిక సమీక్షా సంఘం అనుమతి ముందుగా ఉండాలి. ఇక్కడ నాకు జరిగింది చెబుతాను. మా విశ్వవిద్యాలయం ఇచ్చిన అంగీకార పత్రాన్ని నాలుగు పేజీల తెలుగులోకి మార్చి తీసుకెళ్ళాను. అప్పటిదాకా గడగడా మాట్లాడిన ఆవిడ, సంతకం దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంది. "వేలు పెట్టి పెట్టే ఇక్కడిదాకా వచ్చాం నాయనా, మళ్ళీ నీకు కూడా వెయ్యాలా?" అంది. వేలిముద్ర వేయించుకునే వ్యవస్థ మీద పరిశోధన చేస్తూ నేనూ వేలిముద్రే అడుగుతున్నానని అప్పటిదాకా నాకు తట్టలేదు. సంఘానికి మళ్ళీ రాసి నోటిమాట అంగీకారానికి అనుమతి తెచ్చుకున్నాను. సంతకాలు పెట్టడం అలవాటులేని సముదాయాల్లో తగిన షరతులతో సంతకం మినహాయించే వీలు అమెరికా నిబంధనల్లోనే ఉంది. మీరు దరఖాస్తులోనే అడగండి, నాలా రెండు నెలలు పోగొట్టుకోకండి.

ఇండియాలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. పరిశోధనకు షరతులతో మినహాయింపు ఉంది. అది ఉంది కదా అని ఆధార్ నంబర్లు, కార్డు నంబర్లు ఫోన్లో ఫొటో తీసుకోకండి. మీకు వాటితో పనిలేదు. ఊరి పేరు మార్చినా, ఆ ఊళ్ళో ఉన్నది ఒకే డీలరైతే అతనెవరో అందరికీ తెలిసిపోతుందని మర్చిపోవద్దు.

రికార్డుల కోసం సమాచార హక్కు చట్టం వాడండి. జవాబుకు 30 రోజుల గడువు. "ఈపాస్ గురించి పూర్తి వివరాలు ఇవ్వండి" అంటే ఏమీ రాదు. "ఫలానా షాపులో ఫలానా నెలలో విఫలమైన ప్రమాణీకరణల సంఖ్య" అని అడగండి. ఉపాధి హామీ మీద పనిచేసేవాళ్ళు పనులనూ చెల్లింపులనూ ఊరివాళ్ళ ముందే సరిచూసే సామాజిక తనిఖీ నివేదికలు చూడకుండా ఒక్క అడుగూ వేయొద్దు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పనిలో దేశానికే దారి చూపింది.

ఇంటర్వ్యూలు తెలుగులోనే రాసుకోండి, తెలుగులోనే విశ్లేషించండి. ఇంగ్లీషులోకి థీసిస్‌లో ఉటంకించే వాక్యాలు మాత్రమే వెళ్ళాలి, పక్కన తెలుగు మూలం ఉండాలి. ఎందుకంటే, జనం "వేలు పడలేదు" అంటారు. డీలరు "సర్వర్ డౌన్" అంటాడు. మొదటి మాటలో తప్పు వేలిది, అంటే తనదే. రెండో మాటలో తప్పు ఎక్కడో హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉన్న కనబడని పెట్టెది. నిబంధన పేరు ఇద్దరి నోటా రాదు. నేను దీన్ని మొదట "ఆథెంటికేషన్ ఫెయిల్యూర్" అని ఒకే ఖానాలో వేసేశాను. ఏడాది తర్వాత తెలుగు ప్రతి తిరగేస్తుంటే తప్పును ఎవరు ఎవరి మీద వేసుకుంటున్నారో కనబడింది. నా మూడో అధ్యాయం అందులోంచే పుట్టింది. అలాగే "ఇచ్చార్లే" అన్న మాటలోని ఆ "లే"ని ఏ అనువాదమూ మోయలేదు. అది పోతే మనిషి సంతృప్తిగా ఉన్నట్టు లెక్క తేలుతుంది.

ఎనిమిదో మెట్టు: కాళ్ళ కింద నేల కదిలినప్పుడు

మీరు ఐదేళ్ళు పనిచేసేలోగా మీరు చదువుతున్న వ్యవస్థే మారిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో రేషన్ బళ్ళు వచ్చాయి, మిషన్ షాపు దాటి వీధిలోకి వచ్చింది. 2025 జూన్‌లో మళ్ళీ షాపులకు తిరిగొచ్చింది. అందుకే ప్రతి సందర్శనకూ తేదీ, యాప్ వెర్షన్, అప్పటి జీవో నంబర్ రాసిపెట్టుకోండి. మార్పు వచ్చిందని కంగారుపడొద్దు. ముందూ వెనకా పోల్చే అవకాశం వచ్చినట్టే.

సోషల్ మీడియా మీద చేసేవాళ్ళకు ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. ట్విటర్ 2023లో ఉచిత డేటా దారి మూసేసింది. మెటా (ఫేస్‌బుక్ కంపెనీ) 2024 ఆగస్టులో, ఏ పోస్టు ఎంతగా పాకిందో చూపించే క్రౌడ్‌టాంగిల్‌ను ఆపేసింది. వాటినే నమ్ముకున్న పరిశోధనలు మధ్యలో నిలిచిపోయాయి. ఒక కంపెనీ దయ మీద మొత్తం థీసిస్‌ను నిలబెట్టకండి. ఆ దారి మూసినా కనీసం రెండు అధ్యాయాలు మిగిలేలా ప్రణాళిక వేసుకోండి.

తొమ్మిదో మెట్టు: రాయడం, ప్రచురణ

క్షేత్రం నుంచి వచ్చిన రోజు రాత్రే రాయండి, ఎంత అలసినా సరే. ఈ రంగంలో సమావేశాల పత్రాలకు జర్నల్ వ్యాసాలంత విలువ ఉంటుంది. సీఎస్‌సీడబ్ల్యూ, కై (CHI), ఫ్యాక్ట్ (FAccT), కంపాస్ (COMPASS), ఐకాన్ఫరెన్స్ అనే సమావేశాలు ముఖ్యమైనవి. ఇండియాలో థీసిస్ ఇచ్చే ముందు పత్రం అచ్చుకావాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. గుర్తింపు ఉన్న జర్నళ్ళ కేర్ జాబితాను కూడా 2025లో ఆపేసింది. కాబట్టి మంచి జర్నల్ ఏదో చెడ్డదేదో తేల్చుకోవాల్సిన బాధ్యత మీ మీదే ఉంది. వారంలో అచ్చువేస్తామని డబ్బడిగే చోటికి మాత్రం వెళ్ళకండి. మీ పని ఎంత మంచిదైనా అక్కడ మునిగిపోతుంది.

ఇంట్లో "ఇంకా ఎన్నేళ్ళురా?" అని అడుగుతూనే ఉంటారు. ఏటా ఒక పేజీలో ఈ సంవత్సరం ఏం తేలిందో తెలుగులో రాసి వాళ్ళకు చదివి వినిపించండి. నాకది గైడ్ సమావేశాలంత పనికొచ్చింది. ఈ చదువు తర్వాత అధ్యాపక ఉద్యోగాలున్నాయి, కంపెనీల్లో వాడుకరుల పరిశోధన ఉంది, ప్రభుత్వ విధానాల మీద పనిచేసే సంస్థలున్నాయి.

పదో మెట్టు: తిరిగి వెళ్ళండి

థీసిస్ సమర్పించే ముందే ఈ పని చేయండి. సారాంశం రెండు పేజీల తెలుగులో, పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి, మీతో మాట్లాడినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి చదివి వినిపించండి. నేను వెళ్ళింది నెల మొదటి వారం, షాపులో రద్దీగా ఉంది. డీలరు కాటా పక్కన నిలబడే చదివాడు. రెండో పేజీలో ఒకచోట వేలు పెట్టి ఆగాడు. "కళ్ళు చూపిస్తే ఇచ్చే మిషన్ మాకు రాలేదని రాశారు. వచ్చింది సార్, పోయిన ఏడే వచ్చింది. చార్జర్ రాలేదు" అని బల్ల కింద నుంచి అట్టపెట్టె తీసి చూపించాడు. సీలు కూడా విప్పలేదు. ఆ సాయంత్రమే బస్టాండ్‌లో కూర్చుని నాలుగో అధ్యాయంలో ఆ పేరా కొట్టేసి మళ్ళీ రాశాను.